ఆఫీసు తరగతిలో నాలుగు వేళ్లు

చిన్న ఫ్యాక్టరీలుండే షెడ్ల వీధిలో ఆమెను టేపమ్మ అనేవారు. చేతిలో ఎప్పుడూ కొలత టేపు ఉండేది కాబట్టి ఆ పేరు వచ్చింది. మూడేళ్ల పాటు ఆమె ఏ ఆఫీసు గదిలోకి వెళ్లినా, గోడ కొలవకముందే అక్కడున్న కుర్చీ మీద అరచెయ్యి ఆనించి చూసేది. ఆ సంగతి కనిపెట్టాక, ఆమె స్కూటర్ మలుపు తిరగ్గానే ఒక షెడ్డులోంచి ఇంకో షెడ్డుకి కేక వెళ్లేది.

"టేపమ్మొచ్చింది! కుర్చీలు వేడి చేసుకోండ్రోయ్!"

ఆమె కూడా నవ్వేది. నవ్వుతూనే వెళ్లి కుర్చీని తడిమేది.

ఆమె పని బీమా ఆఫీసులో. పనిలో దెబ్బ తగిలినవాళ్లకి పరిహారం ఇచ్చే బీమా అది. దానికి ప్రీమియం కట్టాల్సింది యజమాని. ఎంత కట్టాలన్నది రెండు మెట్లలో తేలుతుంది. ముందు ఒక్కో పనికీ ఒక తరగతి ఉంటుంది. ఆ తరగతిలో దేశంలో ఎక్కడెక్కడ ఎన్ని దెబ్బలు తగిలాయో, వాటికి ఎంతయిందో అంతా ఒక పెద్ద పట్టికలో కూడి, ప్రతి వంద జీతానికీ ఇంత అని రేటు కడతారు. కుర్చీలో కూర్చుని బిల్లులు రాసేవాళ్లకి వందకి పావు కూడా పడదు. అట్టపెట్టెలు కోసే ప్రెస్సు దగ్గర నాలుగున్నర. పైకప్పులు వేసేవాళ్లకి ఇరవై పైమాటే. ఆ తర్వాత రెండో మెట్టు. ఆ యజమాని దగ్గర గడిచిన మూడేళ్లలో ఎన్ని ప్రమాదాలు జరిగాయో చూసి ఆ రేటును పెంచడమో తగ్గించడమో చేస్తారు. మూడేళ్లు దాటిన ప్రమాదం ఆ రెండో లెక్కలోంచి జారిపోతుంది.

ఉద్యోగంలో చేరిన కొత్తల్లో ఇదంతా అత్తగారికి చెప్పబోయింది.

"అంటే దెబ్బ తగలకముందే దాని ధర కట్టేస్తారన్నమాట," అంది అత్తగారు పప్పులో రాళ్లు ఏరుతూ.

"ధర కాదత్తయ్యా, రేటు."

"రెంటికీ తేడా ఏంటమ్మా?"

"ధరంటే ఒకరి దెబ్బకి. రేటంటే అందరి దెబ్బలకీ కలిపి."

"మరి పొయ్యి దగ్గర నిలబడే నాకెంత?"

"మీకు జీతం లేదు కదా. వందకి ఇంత అని వెయ్యాలంటే ముందా వంద ఉండాలి."

"బాగుంది. అయితే నా నడుం ఊరికే విరగ్గొట్టుకోవచ్చు."

టేపమ్మ చూడాల్సింది ఎవరు ఏ తరగతి అన్నదే. యజమానులందరికీ ఆఫీసు తరగతి మీదే మమకారం. అందుకని దానికి గట్టి నియమం పెట్టారు. ఆఫీసు మనిషి కూర్చునే చోటుకీ మెషీన్లకీ మధ్య నేల నుంచి పైకప్పు దాకా అడ్డు ఉండాలి. ఆ మనిషి అడ్డు దాటి అటువైపు పని చెయ్యకూడదు. రోజుకో గంట చేసినా సరే, ఏడాది జీతమంతా మెషీను తరగతిలోకి వెళ్లిపోతుంది. టేపు అందుకే. గోడ అబద్ధం చెప్పదని అప్పట్లో ఆమెకు నమ్మకం.

ఆ నమ్మకం పోయింది అట్టపెట్టెల షెడ్డులో. అప్పుడామెకి ఏడో నెల. తనిఖీకి వస్తున్నామని వారం ముందే ఉత్తరం పంపడం వాళ్ల ఆఫీసు పద్ధతి. వెళ్లేసరికి షెడ్డు ఊడ్చి ఉంది. యజమాని గుమ్మంలోనే ఎదురొచ్చాడు. బొద్దుగా, నవ్వుముఖంతో, ఎవరికైనా మంచినీళ్లు తనే తెచ్చిచ్చే రకం మనిషి.

"రండి మేడమ్, రండి. ఈ ఎండలో, ఇలాంటప్పుడు మిమ్మల్ని పంపారా? మీ ఆఫీసులో మగాళ్లు లేరా?"

"ఉన్నారండీ. వాళ్లకి గోడలు కొలవడం రాదు."

అతను పగలబడి నవ్వాడు. ఆఫీసు గదిలో బిల్లులు రాసే పిల్ల ఉంది. ఇరవై రెండో ఇరవై మూడో ఉంటాయి. చప్పున లేచి తన కుర్చీ ముందుకు జరిపింది. "కూర్చోండి మేడమ్."

టేపమ్మ కూర్చుంది. రెక్సిన్ సీటు. ఎండలో పడి వచ్చిన ఒంటికి హాయిగా తగిలింది.

"అబ్బ, ఎంత చల్లగా ఉందో!" అనేసింది.

పిల్ల యజమాని వైపు చూసింది. "ఫ్యాన్ కింద కదా మేడమ్," అన్నాడతను.

గోడ కొలిచింది. నేల నుంచి కప్పు దాకా, ఎక్కడా సందు లేదు. గోడకి అటువైపు ప్రెస్సు పడుతూ లేస్తూ ఉంటే నేల సన్నగా అదురుతోంది. ఫారంలో ఇంకొక్క ప్రశ్న మిగిలింది.

"అటువైపు పనికి వెళ్తుంటావా అమ్మా?"

పిల్ల మళ్లీ యజమాని వైపు చూసింది. "లేదు మేడమ్. ఆ చప్పుడే నాకు పడదు."

"ఇదొట్టి పిరికిది మేడమ్," అన్నాడు యజమాని ముద్దుగా.

'లేదు' అని రాసుకుని, కిందన సంతకం పెట్టి, ఇచ్చిన టీ తాగి వచ్చేసింది.

రెండు నెలలకి కూతురు పుట్టింది. ప్రసవం సెలవులో ఉండగా ఆమెకి లోకంలో జరిగినదేదీ తెలియలేదు. సెలవు ముగిసి తిరిగి వెళ్లిన వారంలో, పక్క సీటాయన పట్టికకి పంపాల్సిన క్లెయిములు చూసుకుంటూ ఒక వరస దగ్గర ఆగిపోయాడు.

"ఇది విన్నారా? తరగతి, ఆఫీసు. గాయం, కుడిచెయ్యి, బొటనవేలు తప్ప నాలుగు వేళ్లూ. ఏమయ్యుంటుందంటారు? స్టేప్లర్ కొరికిందా?"

గదంతా నవ్వింది. ఆమె కూడా నవ్వింది. నవ్వుతూనే వంగి వరస చివరనున్న షెడ్డు నంబరు చూసింది.

అట్టపెట్టెల షెడ్డు. తను వెళ్లొచ్చిన ఐదు నెలలకి.

ఆ క్షణాన ఆమెకి గుర్తొచ్చింది ఆ పిల్ల ముఖం కాదు, ఒంటి కింద ఆ సీటు చల్లదనం. ఎనిమిదింటికి పనిలోకి వచ్చిన మనిషి కుర్చీ పదకొండింటికి చల్లగా ఉందంటే, మూడు గంటలుగా అందులో ఎవరూ లేరు. స్కూటర్ చప్పుడు విన్నాక ఎవరో కేకేస్తే అటువైపు నుంచి పరుగెత్తుకొచ్చి కూర్చుంది. అది కనిపెట్టడానికి టేపు అక్కర్లేదు, ఒళ్లు చాలు. ఒళ్లు కనిపెట్టింది, నోరు పైకి చెప్పింది కూడా. చెయ్యి మాత్రం 'లేదు' అని రాసింది.

అప్పట్నుంచి కుర్చీలు తడమడం మొదలైంది. అది పనిలోనే ఆగితే బాగుండేది. ఇంట్లోనూ తడమందే కూర్చునేది కాదు. బస్సులో ఖాళీ సీటు కనిపించినా నిలబడే వెళ్లేది. కూతుర్ని బడిలో వేసిన రోజు, తల్లిదండ్రులంతా చూస్తుండగా, మోకాలెత్తు లేని ఆ చిట్టి కుర్చీల్ని వరసగా ఒక్కొక్కటే తడిమింది. టీచరు, "శుభ్రంగానే ఉంటాయండీ," అంది కాస్త చిన్నబుచ్చుకుని. ఇంట్లో బట్టలుతికే మెషీను చివరి తిరుగుడులో నేలని అదిరిస్తే, టేపమ్మ ఎక్కడున్నా వచ్చి ప్లగ్గు పీకేసేది. నీళ్లోడే బట్టల్ని అత్తగారు బకెట్లో వేసుకుని, "దీనికీ ఏదో రేటుందేమో," అని గొణుక్కునేది.

ఒకే ఇన్‌స్పెక్టర్ ఒక షెడ్డుకి వరసగా రెండుసార్లు వెళ్లకూడదన్నది నియమం. కాబట్టి ఆమె మళ్లీ అట్టపెట్టెల షెడ్డు గడప తొక్కలేదు. తర్వాత వెళ్లినవాళ్లు ఆమె కొలతలే చూసి, గోడ అక్కడే ఉందని రాసి వచ్చారు.

మూడో ఏడాది చివర్లో, పట్టికలు కట్టే లెక్కల సార్ దగ్గరికి వెళ్లింది. ఆయనకి రిటైర్మెంటు దగ్గర పడింది. మనుషులతో కన్నా దశాంశాలతో చనువెక్కువ.

"సార్, ఒక గాయం తప్పు తరగతిలో ఉంది. మార్చొచ్చా?"

"ఎప్పటిది?" అన్నాడాయన. ఆమె తేదీ చెప్పింది. ఆయన తెర మీద వెతికి చూశాడు. "నెలాఖరు దాకా టైముంది. ఆ తర్వాత పట్టికలో ఆ ఏడాది గడి మూసేస్తాం. ఇంకెవరూ తెరవలేరు."

"మూసేస్తే?"

"ఏముందీ? ఆ నాలుగు వేళ్లూ కుర్చీలవాళ్ల ఖాతాలో ఉండిపోతాయి. బిల్లులు రాసేవాళ్లందరి రేటులోనూ ఆ చెయ్యి కాస్త కాస్త ఉంటుంది. ప్రెస్సు మాత్రం ఏమీ ఎరగనట్టు ఉంటుంది. యజమానికైతే ఇంకా మంచిది. మూడేళ్లయింది కదా, అతని లెక్కలోంచీ పోతుంది."

"మారిస్తే ప్రెస్సు రేటు మారుతుందా సార్?"

"ఒక్క చేతికా? మూడో దశాంశం కూడా కదలదు." కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "కదిలేది నీ ఉద్యోగం. రిపోర్టు తప్పని ఇన్‌స్పెక్టరే రాసివ్వాలి. రాసిచ్చినవాళ్లని ఫీల్డుకి పంపరు. దెబ్బ తగిలినమ్మాయి వాంగ్మూలం కూడా కావాలి. ఇన్నాళ్లూ ఊరుకున్నదానివి, ఇంకో మూడు వారాలు ఊరుకుంటే సరిపోతుంది కదమ్మా?"

ఆయన వెక్కిరించలేదు. నిజంగానే అడిగాడు. ఆ మూడు వారాల్లోనే ఏదో ఒకటి చెయ్యాలని, చెయ్యకపోతే ఇక ఎప్పటికీ లేదని ఆమెకి అప్పుడే తెలిసొచ్చింది.

భర్తకి చెప్పింది. అతను కూతురికి బూట్ల తాళ్లు కడుతున్నాడు.

"ఆ అమ్మాయికి పరిహారం వచ్చిందా లేదా?"

"వచ్చింది."

"మరింక నీకేం కావాలి?"

"ఆ చెయ్యి ఇప్పుడు కుర్చీ కింద ఉంది. తీసి ప్రెస్సు కింద పెట్టాలి."

అతను తాళ్లు వదిలేసి, జ్వరమేమోనని చూసినట్టు ఆమె ముఖంలోకి చూశాడు. "నువ్వు మాట్లాడేది నీకు వినబడుతోందా?" అన్నాడు నెమ్మదిగా.

ఫైల్లో ఉన్న చిరునామా పట్టుకుని వెళితే, పక్కింటావిడ బస్టాండు దగ్గరి జెరాక్స్ షాపు చూపించింది. అప్పుడు బిల్లులు రాసిన పిల్లే ఇప్పుడు కౌంటర్ వెనక నిలబడి ఉంది. ఎడమచేత్తో కాగితం పెడుతోంది, తీస్తోంది. కుడిచేతికి మిగిలిన బొటనవేలూ అరచెయ్యీ కాగితాల దొంతర ఎగిరిపోకుండా అదిమిపట్టాయి.

"ఎన్ని కాపీలు?" అంది తలెత్తకుండా. సమాధానం రాకపోయేసరికి తలెత్తింది. "మీరు... కడుపుతో వచ్చిన మేడమ్ కదూ? బాబా, పాపా?"

"పాప."

"ఎన్నేళ్లు?"

"మూడు దాటాయి."

"అవున్లే. నాకూ మూడు దాటాయి," అంది తన చెయ్యి చూసుకుని.

టేపమ్మ సంగతంతా చెప్పింది. ఆ అమ్మాయి ముఖంలో రంగు మారింది. "ఆర్డరు చీటీ ఇవ్వడానికి ప్రెస్సు దగ్గరికెళ్లి జారిపడ్డానని ఫైల్లో రాసి లేదా?"

"ఉంది. జారిపడితే వేళ్లు అడ్డదిడ్డంగా నలుగుతాయి. నీవి నాలుగూ ఒకే గీత మీద పోయాయి. రెండు చేతులతో అట్ట లోపలికి తోస్తున్నప్పుడే అలా అవుతుంది."

ఒకాయన వచ్చి ఏదో కాగితానికి రెండువైపులా కాపీ అడిగాడు. ఆ అమ్మాయి తీసిచ్చింది. అతను వెళ్లాక కూడా మెషీను వైపే చూస్తూ అంది.

"పొద్దున నాలుగ్గంటలు ప్రెస్సు. మధ్యాహ్నం బిల్లులు. సీజన్‌లో అయితే రోజంతా ప్రెస్సే. చేతులకి అడ్డంగా దిగే ఇనుప జాలీ ఉంటుంది చూశారా, అది దించితే నిమిషానికి పన్నెండు పెట్టెలు. పైకి కట్టేస్తే ఇరవై. ఎప్పుడూ కట్టేసే ఉండేది."

"ఆ రోజు నేనడిగితే చెప్పలేదేమ్మా?"

"ఆయన ముందు అడిగారు మీరు."

టేపమ్మ కౌంటర్ మీది కాగితాల దొంతర వైపు తల దించింది.

"బయట కుళాయి దగ్గరికి పిలిచి అడిగితే చెప్పేదాన్నేమో. ఏమో, అప్పుడూ చెప్పేదాన్ని కాదేమో. మీరు పిలవలేదుగా." కోపంగా కాదు, ఏదో బస్సు తప్పిపోయిన సంగతి చెప్పినట్టు చెప్పింది. "ఇప్పుడా కుర్చీలో ఎవరున్నారో తెలుసా మీకు?"

"తెలీదు."

"మా చెల్లి. ఆయనే ఇంటికొచ్చి మరీ ఇచ్చాడు ఉద్యోగం. మంచితనమే అనుకున్నాం. మా అమ్మైతే చేతులెత్తి దణ్ణం పెట్టింది."

"తను అటువైపు వెళ్తోందా?"

"నేనడగను. అది చెప్పదు. ఇంటికొచ్చి చేతులు కడుక్కుంటుంటే మాత్రం నేను వెళ్లి పక్కన నిలబడతాను. ఏంటక్కా ఎప్పుడూ వెనకాలే ఉంటావు, అంటుంది." మెషీను మూత దించింది. "నేను సంతకం పెడితే దాని ఉద్యోగం పోతుంది కదా?"

"పోవచ్చు. పోదని చెప్పలేను. ప్రెస్సు చూడ్డానికి మాత్రం మావాళ్లు వస్తారు, ఈసారి ఉత్తరం రాయకుండా వస్తారు. జాలీ దింపిస్తారు."

"నా పరిహారం వెనక్కి తీసుకుంటారా?"

"తీసుకోరు. నువ్వు ఏ తరగతి మనిషివన్నది ఆయనా మేమూ తేల్చుకోవాల్సింది. దెబ్బ పనిలోనే తగిలింది."

"అది కాగితం మీద రాసివ్వగలరా?"

"రాయించి తెచ్చాను." లెక్కల సార్ సంతకం ఉన్న కాగితం కౌంటర్ మీద పెట్టింది.

ఆ అమ్మాయి రెండుసార్లు చదివింది. "ఆలోచించుకోనివ్వండి," అంది.

తర్వాతి రెండు వారాలూ టేపమ్మ షెడ్లు తిరుగుతూనే ఉంది. ఏ షెడ్డులో గోడ కొలుస్తున్నా, ఆ గోడకి అటువైపు ఆ చెల్లెలే ఉన్నట్టు ఉండేది. ఆమె ముఖం టేపమ్మ ఎన్నడూ చూడలేదు. అందుకని ప్రతి షెడ్డులోనూ ఒక్కో ముఖం పెట్టుకుని కనిపించేది. ఒకరోజు బడి నుంచి ఫోను మోగితే, అవతలివాళ్లు మాట్లాడకముందే, "ఏ చెయ్యి?" అని అడిగింది. బడివాళ్లు చెప్పబోయింది ఫీజు తేదీ.

గడి మూసేసే రోజుకి ముందురోజు మధ్యాహ్నం ఆ అమ్మాయి ఆఫీసుకి వచ్చింది. వాంగ్మూలం ఎడమచేత్తో, పెద్ద పెద్ద అక్షరాలతో, తనే రాసుకొచ్చింది.

"మూడు కాపీలు తీశాను," అంది. "మీకొకటి, షెడ్డాయనకొకటి, నాకొకటి. ఈసారి నా దగ్గర కూడా ఒకటి ఉండాలి."

"చెల్లికి చెప్పావా?"

"లేదు. చెప్తే చింపేసేది."

టేపమ్మ తన కాగితం కూడా పక్కన పెట్టింది. అందులో ఉన్నవి రెండే వాక్యాలు. నేను వెళ్లిన రోజు కుర్చీ చల్లగా ఉంది. ఆమెను యజమాని ఎదుటే ప్రశ్న అడిగాను. లెక్కల సార్ రెండూ చదివి, ఇది సరిపోదు, నియమం నంబరు వెయ్యాలన్నాడు. వేసింది. ఆయన తెర తిప్పి చూపించాడు. ఆఫీసు వరసలో ఒక అంకె తగ్గింది, అట్టపెట్టెల ప్రెస్సు వరసలో ఒక అంకె పెరిగింది.

"అంతేనా సార్?"

"అంతే. ఎల్లుండి నుంచి నువ్వు లోపలే."

అలా ఆమె కూడా కుర్చీల తరగతిలో చేరిపోయింది. టేపు స్టోరుకి అప్పగించింది. ఇప్పుడామె పని, వచ్చిన గాయాలకి తరగతి అంకె వెయ్యడం. ప్రతి కాగితాన్నీ అవసరానికి మించి ఎక్కువసేపు పట్టుకుంటుందని పై ఆఫీసరుకి ఫిర్యాదు. దెబ్బ ఎలా తగిలిందో రాసిన వాక్యం చదివి, దెబ్బ తగిలినవాళ్లకే ఫోన్ చేసి ఆ సంగతి మళ్లీ అడుగుతుంది. అప్పుడు మీ పక్కన ఎవరున్నారు, ఇప్పుడెవరున్నారు, అని. రోజుకి నలభై కాగితాలు చెయ్యాల్సిన చోట పాతిక దాటవు.

రెండు నెలల తర్వాత ఒక ఉదయం, ఎవరో తిన్నగా ఆమె బల్ల దగ్గరికి వచ్చి నిలబడ్డారు. ఆ ముఖం ఎప్పుడూ చూడకపోయినా టేపమ్మ పోల్చుకుంది. అదే నుదురు, అవే కనుబొమ్మలు.

"మీరేనా టేపమ్మంటే?"

"నేనేనమ్మా. కూర్చో."

"కూర్చోడానికి రాలేదు. ఉన్న కుర్చీ పీకేశారుగా, ఇంకెక్కడ కూర్చోను?" గొంతు పెద్దదైంది. పక్క సీట్లవాళ్లు తలలు తిప్పారు. "బిల్లులు ఇప్పుడు షెడ్డాయన భార్యే రాసుకుంటోంది. ప్రెస్సు మీదికి ఎవరినో కొత్తమ్మాయిని తెచ్చారు. నన్ను పొమ్మన్నారు. మా అక్క చేత సంతకం పెట్టించుకున్నారంట. మా ఇంట్లో ఎంతమంది తింటారో అడిగారా? ఆ ముక్క మీ ఫారంలో ఉంటుందా?"

"ఉండదు."

"ఉండదు! మీ అంకె సరిపోయింది, మీరు హాయిగా ఉన్నారు."

"ప్రెస్సు మీద నువ్వు చేశావా అమ్మా?" ఆగలేక అడిగింది టేపమ్మ. "జాలీ దించారా?"

ఆ పిల్ల ఒక్క క్షణం తడబడింది. "చేస్తే ఏంటంట? నా చేతులు, నా ఇష్టం. దించారు. మీవాళ్లు చెప్పాపెట్టకుండా వచ్చిన రోజు దించారు. నన్ను పొమ్మన్న రోజు కూడా దించే ఉంది. ఆ తర్వాత కట్టేశారో లేదో నాకేం తెలుసు? కొత్తమ్మాయినే అడగండి పోయి."

కొత్తమ్మాయిని అడగడానికి ఇక వెళ్లాల్సింది వేరేవాళ్లు. ఈసారి కొత్తమ్మాయి మెషీను తరగతిలోనే ఉంది, రేటు సరిగ్గా కడుతున్నారు, కాగితాలన్నీ సక్రమంగా ఉన్నాయి. ఆ అమ్మాయి అట్ట లోపలికి తోస్తుంటే జాలీ పైన ఉందో కింద ఉందో ఈ బల్ల దగ్గర కూర్చుంటే కనిపించదు. ఉదయం వచ్చిన కాగితాల కట్ట ఇంకా విప్పలేదు. దాని వైపు చూడబుద్ధి కాలేదు.

ఆ పిల్ల మాత్రం ఆపలేదు. అక్కకి బుద్ధి లేదంది, మీకు జాలి లేదంది. అంటూ రెండు చేతులూ గాలిలో ఎగరేసింది, బల్ల మీద చరిచింది, ఒక్కో నష్టానికీ ఒక్కో వేలు చాచి ఆమె ముఖం ముందు పెట్టింది. చప్పుడుకి పై ఆఫీసరు గదిలోంచి బయటికొచ్చాడు. అటెండర్‌ని పిలవనా అని సైగ చేశాడు. టేపమ్మ వద్దని తల అడ్డంగా ఊపింది.

"ఏంటలా చేతులకేసి చూస్తారు? నేను చెప్పేది వినబడుతోందా మీకు?"

"వినబడుతోందమ్మా," అంది టేపమ్మ. "ఇంకా చెప్పు. ఆపకు."

ఆ పిల్ల ఊపిరి తీసుకుని మళ్లీ అందుకుంది.